నడుం తాడు

రాచెల్ ఆ చప్పుడు మొదటిసారి విన్నప్పుడు వంటింట్లో చింతపండు పిసుకుతోంది. వాన వెలిసి చాలాసేపైంది. గాలి కూడా లేదు. అయినా పెంకుల మీద ఎక్కడో, ఏళ్ల తరబడి మూసి ఉన్న తలుపును ఎవరో నెమ్మదిగా తోస్తున్నట్టు, కిర్రుమని సాగి ఆగింది. చేతులు కడుక్కోకుండానే పెరట్లోకి వచ్చి పైకి చూసింది.

పెరట్లో ఉన్నది నిద్రగన్నేరు చెట్టు. ఆ ఇల్లు కట్టకముందు నుంచీ ఉంది. మూడు నిలువుల ఎత్తులో అది రెండు పాయలైంది. ఒక పాయ వెనకనున్న ఖాళీ స్థలం వైపు నిటారుగా పోయింది. రెండోది ఇంటి వెనక భాగం మీదికి వంగి, వంటింటినీ పక్కగదినీ గొడుగులా కప్పేసింది. ఆ పాయలు కలిసేచోట బెరడు మీద తెల్లటి గీత కనిపించింది. ముందురోజు అది లేదు. గీతలోంచి ఎర్రటి నీరు కారి కాండం మీద చారికలు కట్టింది.

రాచెల్ అక్కడే నిలబడి పక్కగది కిటికీ వైపు చూసింది. లోపల అత్తగారు దీనమ్మ పడుకుని ఉంది. వేసవిలో బావి గట్టు మీద జారిపడి ఆమెకు తుంటి ఎముక విరిగింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేయించినా లేచి తిరగలేకపోయింది. భారీ మనిషి. ఆమె మంచం పాతకాలపు టేకు మంచం, గదిలోనే బిగించినది, తలుపులోంచి బయటికి రాదు. ఆమెను కదిలించాలంటే నలుగురు కావాలి. కదిలించినప్పుడల్లా ఆమె పెట్టే కేక వీధి చివరికి వినిపించేది.

రెండువేల రెండో సంవత్సరం, ఆగస్టు నెల. రాచెల్ భర్త కిరణ్ బాబు నర్సీపట్నం డిపోలో డ్రైవరు. కొయ్యూరు మీదుగా ఏజెన్సీలోకి వెళ్లే బస్సు నడుపుతాడు. ఒకరోజు వెళితే మరునాడు గానీ రాడు. పిల్లలు లేరు. రాచెల్ ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. అంటే ఇరవై నాలుగు గంటలూ ఆ చెట్టు కిందే ఉండేది ఆ ఇద్దరాడవాళ్లు.

ఆ రోజు నుంచి రాచెల్ వంటింట్లో భుజాలు ముడుచుకుని తిరగడం మొదలుపెట్టింది. అన్నం వార్చడానికి వంగితే వీపు మీదికి ఏదో దిగుతున్నట్టు ఉండేది. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆపేసి చెవులు రిక్కించేది. ఏమీ వినిపించకపోతే ఇంకా భయమేసేది. గాలి వేసినప్పుడు కొమ్మ ఊగితే ఎందుకు ఊగిందో తెలుస్తుంది. గాలి లేనప్పుడు కిర్రుమంటే, దానంతట అదే నిర్ణయించుకుని కదిలినట్టు అనిపించేది.

దీనమ్మ ఏమీ అనేది కాదు. ఆమె మిషన్ ఆసుపత్రిలో చాలా ఏళ్లు ఆయాగా పనిచేసి, ఎన్నో చావులు చూసిన మనిషి. ఒక మధ్యాహ్నం రాచెల్ గంజి తాగిస్తుంటే గ్లాసు పక్కకి జరిపి, "అది మల్లీ అరిసింది రాచేలూ," అంది. అంతే. తర్వాత గంజి తాగేసింది.

కిరణ్ బాబు చెట్లు కొట్టేవాళ్లకోసం తిరిగాడు. బలిఘట్టం నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. చెట్టు చుట్టూ తిరిగాడు, చీలికలో చిటికెన వేలు పెట్టాడు, కాండానికి చెవి ఆనించి కాసేపు నిలబడ్డాడు. రాచెల్ టీ పట్టుకొచ్చేసరికి చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"ఇంకెవల్నైనా సూసుకోండి బాబూ," అన్నాడు.

"ఏటి, ఎందుకని?" అన్నాడు కిరణ్ బాబు.

"ఎక్కితే అది ఊరుకోదండి." టీ తాగకుండానే వెళ్లిపోయాడు. నక్కపల్లి నుంచి రంపపు మిల్లు మనిషి ఒకడు వస్తానన్నాడు, రాలేదు.

చివరికి లోవరాజు సంగతి చెప్పింది పక్కింటి మన్మథరావు. ఆయనకు గొలుగొండ దగ్గర చెరకు తోటలున్నాయి. పెళ్ళాం చనిపోయాక టౌన్లో ఇల్లు కట్టుకుని ఒక్కడే ఉంటున్నాడు. "మా ఊరోడే. ఇళ్ల మద్దిన ఉన్న చెట్లు దింపడమే ఆడి పని. నూతిలోకి బిందె దింపినట్టు దింపుతాడు కొమ్మని. ఒక్క పెంకు పగల్దు. మోకు పట్టేది ఆడి పెళ్లామే," అన్నాడు.

లోవరాజు, పెళ్లాం లోవలక్ష్మి సైకిలు మీద వచ్చారు. అతనికి ముప్పై అయిదేళ్లుంటాయి. సన్నగా, పొడుగు చేతులతో ఉన్నాడు. ఆమె భుజానికి మణికట్టంత లావు మోకు తాడు చుట్టుకుని ఉంది. లోవరాజు పెరట్లో నిలబడి చెట్టుకేసి చూస్తూ ఉండిపోయాడు.  మాట్లాడిందంతా లోవలక్ష్మే. చిన్నకొమ్మలు ముందు దింపాలనీ, ఇంటి మీదున్న పెద్దపాయ చివర్న దింపాలనీ, ఆ పాయ దింపేటప్పుడు గదిలో ఎవరూ ఉండకూడదనీ చెప్పింది.

రాచెల్ టీ ఇచ్చింది. అతని చేతిలో గ్లాసు అంచు దాకా టీ చిన్నచిన్న అలలుగా కదిలింది. అతను దాన్ని గట్టు మీద పెట్టేసి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. రాచెల్ చూసింది. చూసి, పనిచేసే చేతులు కదా, అలిసి ఉంటాయి అనుకుంది. అలా అనుకోవాలని ఆమెకు చాలా కోరికగా ఉంది.

"చెయ్యగలవా మరి?" అన్నాడు కిరణ్ బాబు.

"సేత్తానండి," అన్నాడు లోవరాజు. లోవలక్ష్మి మొగుడి వంక ఒకసారి చూసి, తల దించుకుని మోకు సవరించుకుంది.

మరునాడు కిరణ్ బాబుకి డ్యూటీ. ఆ రోజు చిన్నకొమ్మలు మాత్రం దింపేట్టు, ఎల్లుండి అతను రాగానే డిపో నుంచి మనుషుల్ని తెచ్చి దీనమ్మను ముందుగదిలోకి మార్చేట్టు, ఆ తర్వాతే పెద్దపాయ ముట్టుకునేట్టు అనుకున్నారు.

మరునాడు పొద్దున్న లోవరాజు చెట్టెక్కాడు. ఎక్కేముందు కాండానికి దండం పెట్టి, రెండుసార్లు పాదం ఆనించి తీసేశాడు. మూడోసారి ఎక్కాడు. అక్కణ్నించి పని బాగానే సాగింది. అతను కొమ్మకు మోకు కట్టడం, మోకును పై పంగలోంచి వేసి కిందికి వదలడం, లోవలక్ష్మి దాన్ని పెరటి మూలనున్న కొబ్బరిచెట్టు మొదలుకి మెలికలు వేసి పట్టుకోవడం, రంపం ఆడటం, కొమ్మ గాలిలో తేలుతూ వచ్చి నేలమీద పడుకోవడం. రాచెల్ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ఒక్కో కొమ్మ దిగుతుంటే పెరట్లోకి వెలుతురు వస్తోంది. చాలా రోజుల తర్వాత ఆమెకు నిండుగా ఊపిరి ఆడింది. దీనమ్మకు అన్నం తినిపించి, కిటికీలోంచి చూపిస్తూ, "రేపీపాటికి అయిపోతుంది అత్తయ్యగారూ," అంది.

మిట్టమధ్యాహ్నం దాటింది. మబ్బు కమ్మింది. రాచెల్ వాళ్లిద్దరికీ అన్నం వడ్డించడానికి ఆకులు కడుగుతుంటే రంపం చప్పుడు మారింది. అంతసేపూ సన్నగా పలికింది, ఇప్పుడు బొంగురుగా, లోతుగా పలుకుతోంది.

లోవలక్ష్మి మోకు పట్టుకుని తల పైకెత్తి ఉంది. "ఏటి సేత్తన్నావు?" అని కేక వేసింది. "అది రేపు గదా. దిగు. కూడు తిందుగాని."

"ఇప్పుడే అయిపోనీ," అన్నాడు పైనుంచి. అతని గొంతు పలచగా ఉంది.

రాచెల్ పెరట్లోకి పరిగెత్తింది. అతను ఇంటి మీదికి వంగిన పెద్దపాయను కోస్తున్నాడు. ఆ పాయకు అప్పటికే మోకు కట్టేశాడు. జారకుండా ఉండాలని నడుం తాడును రెండు పాయల చుట్టూ కలిపి వేసుకుని, పొట్ట చెట్టుకు ఆనించి, రంపం లాగుతున్నాడు.

"లక్ష్మీ, ఆపమను. మా అత్తయ్యగారు గదిలోనే ఉన్నారు."

"సెప్తన్నానమ్మా. ఇనట్లేదు."

"ఏటైంది అతనికి?"

లోవలక్ష్మి కళ్లు మొగుడి మీదే ఉంచి చెప్పింది. ఆమె చేతుల్లో మోకు బిగుసుకుని ఉంది. "నెల్లాళ్ల కిందట మా ఆడబొడుసు మొగుడు పడిపోనాడండి. ఇద్దరూ ఒక్క సెట్టు మీదే ఉన్నారు. ఈయన సెయ్యందించేలోపే పడిపోనాడు. ఆస్పత్రికి కూడా అందలేదు. ఆ దినం కాణ్నుంచి ఈయన సెట్టెక్కలేదమ్మా. ఇయ్యాలే ఎక్కడం. ఇప్పుడు దిగితే రేపు ఎక్కలేనని బయం. అందుకే కోసెత్తన్నాడు."

రాచెల్‌ పైకి చూసి, "లోవరాజూ, ఆగు. దిగిరా," అంది. అతను వినలేదు. రంపం రెండుసార్లు ఆడింది. మూడోసారి ఇరుక్కుపోయింది.

అప్పుడు చెట్టు అరిచింది. ఇన్నాళ్లూ విన్న కిర్రుమనే చప్పుడు కాదు అది. బట్టను అడ్డంగా చింపినట్టు, పొడుగ్గా, పైనుంచి కిందికి. పాయల మధ్య చీలిక రాచెల్ చూస్తుండగానే నోరు తెరిచింది. లోపలి కర్ర తెల్లగా కనిపించింది.

రెండు పాయలూ విడిపోతున్న కొద్దీ, వాటి చుట్టూ ఉన్న నడుం తాడు బిగుసుకుంది. లోవరాజు ముఖం బెరడుకు అతుక్కుపోయింది. "లచ్చీ," అన్నాడు. రెండోసారి పిలవబోయాడు, గాలి మాత్రమే వచ్చింది. అతని మొలలో కత్తి ఉంది. ఒక్క వేటు వేస్తే తాడు తెగుతుంది. తెగితే అతన్ని పట్టుకునేది ఏదీ ఉండదు. అతని రెండు చేతులూ చెట్టును కావలించుకుని ఉన్నాయి. ఒక్క వేలు కూడా కదలడం లేదు.

"కత్తి తీ. కత్తి తియ్యి," అంటోంది లోవలక్ష్మి. గట్టిగా అనడం లేదు, తనలో తను చెప్పుకుంటున్నట్టు అంటోంది.

రాచెల్ ఆమె భుజం పట్టుకుంది. "ఏం చెయ్యాలి? చెప్పు. ఏం చేస్తే అతనికి ఊపిరాడుతుంది?"

"మోకు ఒదిలెయ్యాలమ్మా. ఒదిలితే కొమ్మ ఊడి పడిపోద్ది. బరువు పోతే సీలిక మూసుకుంటాది."

"మెల్లిగా దింపలేవా?"

"సగమే కోసినాడు. మెల్లిగా ఒదిలితే ఊడదు, ఇంకా సీలిపోద్ది. ఒక్కపాలే ఒదలాల." ఆమె పెంకుల కప్పు వైపు చూసింది. రాచెల్ కూడా చూసింది. కొమ్మ నీడ సరిగ్గా దీనమ్మ గది మీద ఉంది.

రాచెల్ మన్మథరావును పిలుస్తూ లోపలికి పరిగెత్తింది. ఆయన ఆ చీలిన చప్పుడు విని అప్పటికే గోడ దాటుతున్నాడు. పెరట్లోకి ఒక్క చూపు చూసి, ఏమీ అడగకుండా ఆమె వెనకే వచ్చాడు.

గదిలో పెంకుల సందుల్లోంచి సన్నటి మట్టి రాలుతోంది. దీనమ్మ దుప్పటి మీద, జుట్టు మీద ఎర్రగా పరుచుకుంది. ఆమె కళ్లు వాసాల మీద ఉన్నాయి. పైన బరువేదో కప్పును తాకుతూ వదిలేస్తూ ఉంది. తాకినప్పుడల్లా ఒక పెంకు చిట్లుతోంది.

"అత్తయ్యగారూ, బయటికెళ్లిపోవాలి. దుప్పటితో ఎత్తుతాం. నొప్పెడుతుంది, ఓర్చుకోండి."

దీనమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. గోళ్లు కండలోకి దిగాయి. "నాకు బయమేస్తంది రాచేలూ," అంది. ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆ నోట రాచెల్ ఆ మాట వినలేదు. వినగానే ఆ గదిలోంచి, ఆ పెరట్లోంచి, ఆ వీధిలోంచి ఒక్కత్తీ పరిగెత్తి పారిపోవాలనిపించింది. గుమ్మం రెండడుగుల దూరంలో ఉంది.

"నాక్కూడా," అంది. అని, దుప్పటి అంచు చేతికి చుట్టుకుంది.

మన్మథరావు తలవైపు పట్టాడు. ఇద్దరూ కలిసి ఆమెను మంచం మీంచి నేలకి దించారు. దించడం కాదు, జార్చారు. దీనమ్మ అరుపు అరుపుగా రాలేదు, గొంతులోనే నలిగిపోయింది. దుప్పటిని నేల మీద లాగారు. గడప దగ్గర ఆమె తుంటి తట్టుకుంది. మన్మథరావు, "ఎత్తు సెల్లెమ్మా, ఎత్తు, కొంచెం," అంటున్నాడు. ఆయనకు ఊపిరి అందడం లేదు. మధ్యగది, ముందుగది, మిషను కాలు పక్కనుంచి, వసారా. వసారాలోకి వచ్చేసరికి దీనమ్మ కళ్లు మూసుకుని పెదవులు కదుపుతోంది. ఆమెను అక్కడ దించి రాచెల్ సందులోంచి మళ్లీ పెరట్లోకి పరిగెత్తింది.

లోవరాజు తల పక్కకి వాలి ఉంది. అతని పెదవులు నేరేడుపండు రంగులోకి తిరిగాయి. ఒక కాలు పట్టుతప్పి గాల్లో వేలాడుతోంది. చినుకులు మొదలయ్యాయి.

"వదిలెయ్ లక్ష్మీ. ఇంట్లో ఎవరూ లేరు."

లోవలక్ష్మి కదలలేదు.

"లక్ష్మీ, వదిలెయ్."

"ఇల్లు పోద్దమ్మా."

"పోనీ. వదులు."

"సేతులు రాట్లేదు." ఆమె మొగుడి వంకే చూస్తోంది.  "ఒదులుదామనే సూత్తన్నాను. సేతులు రాట్లేదమ్మా."

రాచెల్ ఆమె ముందు మోకాళ్ల మీద కూలబడి ఆ పిడికిళ్లు చూసింది. వేళ్లు తెల్లబడి, మోకుతో కలిసిపోయి ఉన్నాయి. రాచెల్ చిటికెన వేలు పట్టుకుని విప్పింది. తర్వాతది విప్పింది. విప్పినవి మళ్లీ మూసుకోబోతుంటే తన అరచెయ్యి అడ్డం పెట్టింది. ఒక చెయ్యి వచ్చింది. రెండో చెయ్యి బొటనవేలిని వెనక్కి వంచేసరికి మోకు ఒక్కసారి బుసకొట్టి పరుగందుకుంది. రాచెల్ లోవలక్ష్మిని రెండు చేతులా పట్టుకుని వెనక్కి పడిపోయింది. కొబ్బరిచెట్టు చుట్టూ మెలికలు విడిపోయాయి, తాడు కొస పాములా ఎగిరిపోయింది.

కొమ్మ పడ్డప్పుడు ఆమె కళ్లు మూసుకుంది. కింద నేల ఎగిరినట్టయింది. పెంకులు, వాసాలు, గోడ, ఇత్తడి సామాను, అన్నీ ఒకే చప్పుడుగా వినిపించాయి. తర్వాత చాలాసేపు ఒకటొకటిగా పెంకులు జారిపడుతున్న చప్పుడు. ఎర్రటి దుమ్ము పెరడంతా కమ్మింది. ఏమీ కనిపించలేదు.

ఆ దుమ్ములోంచి, పైనుంచి, దగ్గు వినిపించింది.

లోవలక్ష్మి నేల మీద కూర్చుని చీర కొంగు నోట్లో కుక్కుకుంది. రాచెల్ లేచి పైకి చూసింది. చీలిక పూర్తిగా మూసుకోలేదు గానీ తాడు వదులైంది. లోవరాజు నిలబడ్డ పాయను కావలించుకుని దగ్గుతున్నాడు. మన్మథరావు తన ఇంటి నుంచి వెదురు నిచ్చెన తెచ్చి కాండానికి ఆనించాడు. అది అతని పాదాలకు ఒక నిలువు కిందే ఆగిపోయింది.

"దిగిరా లోవరాజూ. నిచ్చెన ఉంది," అంది రాచెల్.

"రాలేనమ్మా."

"ఊపిరాడుతోందా?"

"ఆడతంది. రాలేను. ఆడు కనబడతన్నాడు." అతను కిందికి చూడటం లేదు. బెరడుకేసి చెబుతున్నాడు. "కిందికి సూత్తే ఆడే కనబడతన్నాడమ్మా."

లోవలక్ష్మి కొంగు నోట్లోంచి తీయలేదు.  రాచెల్‌కి చెట్లెక్కడం తెలియదు, ఎక్కినవాళ్లను ఎలా దింపాలో తెలియదు. వణుకుతున్న చేతులతో నిచ్చెనను పట్టుకుని నిలబడింది. ఆ వణుకు నిచ్చెనంతా పాకి టకటకమంది.

"కిందికి చూడకు. చెట్టుకేసే చూడు. నేను చెప్తాను," అంది. "నీ ఎడం కాలు కింద బుడిపె ఉంది. కొంచెం జార్చు. ఇంకొంచెం. అదే. తాడు కిందికి జరుపుకో."

"మీరు పోకండమ్మా."

"ఎక్కడికి పోతాను? నిచ్చెన పట్టుకునున్నాను. ఈ చప్పుడు నా చేతులదే."

అతను కాలు జార్చాడు. ఆగాడు. మళ్లీ జార్చాడు. వాన పెద్దదైంది. బెరడు జారుడుగా మారింది. ఒకసారి అతని పాదం పట్టుతప్పితే తాడు మీద వేలాడి, సన్నగా ఏడవడం వినిపించింది. రాచెల్ మాట్లాడుతూనే ఉంది. చెప్పాల్సిందేమీ లేనప్పుడు దీనమ్మ వసారాలో ఉందనీ, అన్నం ఉడికిందనీ, కిరణ్ బాబు రేపొస్తాడనీ, నోటికి ఏదొస్తే అది చెప్పింది. మన్మథరావు నిచ్చెన చివరి మెట్టుకి ఎక్కి చెయ్యి చాచి, అతని మడమ అందుకుని మెట్టు మీద పెట్టాడు.

నేల మీదికి వచ్చాక లోవరాజు నిలబడలేదు. లోవలక్ష్మి అతని పక్కన కూర్చుని, ముట్టుకోవడానికి భయపడుతున్నట్టు, అతని చొక్కా కొస మాత్రం పట్టుకుంది. ఆమె అరచేతుల్లో తోలు ఊడి రక్తం కారుతోంది. అది ఆమెకు తెలిసినట్టు లేదు.

ఆటోలో ముగ్గుర్నీ ఆసుపత్రికి తీసుకెళ్లారు. లోవరాజుకి పక్కటెముకలు రెండు చిట్లాయన్నారు. దీనమ్మ తుంటికి కొత్తగా ఏమీ కాలేదు, వాపు మాత్రం వచ్చింది. రాచెల్ అందరికీ సంతకాలు పెట్టింది, మందులు తెచ్చింది, నర్సుతో మాట్లాడింది. సాయంత్రం మన్మథరావు ఇంటి అరుగు మీద మంచం వేసి పడుకోబెట్టిన దీనమ్మకు నీళ్లు తాగించబోతుంటే గ్లాసు చేతిలోంచి జారిపోయింది. తీద్దామని వంగి, ఇక లేవలేక అక్కడే కూర్చుండిపోయింది. దీనమ్మ మంచం మీంచి చెయ్యి చాచి ఆమె తల మీద పెట్టి, చాలాసేపు తీయలేదు.

కిరణ్ బాబు మరునాడు పొద్దున్న వచ్చాడు. వంటిల్లు ఉండాల్సిన చోట ఆకాశం కనిపించింది. టేకు మంచం నడిమికి విరిగి ఉంది. కొమ్మ దాని మీదే పడుకుని ఉంది. "అమ్మేది?" అన్నాడు. చెప్పాక విరిగిన గోడ మీద కూర్చున్నాడు. రాచెల్ జరిగిందంతా చెప్పింది. అతను విని లేచాడు. ముఖం ఎర్రబడింది.

"భయముంటే ఎక్కకూడదు గదా. చెప్పాలి గదా మనకి."

"చెప్తే ఎక్కనిచ్చేవాళ్లమా?"

"అదే నేననేది. మా అమ్మ ఆ మంచం మీద ఉంటే?"

 అతనన్నది తప్పు కాదు. రాచెల్ చూసినదీ తప్పు కాదు. ఆ పిడికిళ్లు అతను చూడలేదు.

మిగిలిన చెట్టును అలా ఉంచడానికి వీల్లేదు. లోవలక్ష్మి అన్న సింగన్న గొలుగొండ నుంచి మనుషుల్నీ ట్రాక్టరునూ తీసుకొచ్చాడు. ఎవరూ చెట్టెక్కలేదు. నిచ్చెన మీంచి ఇనప తాడు బిగించి, మొదలు దగ్గర గొడ్డళ్లతో గంటు పెట్టి, ఖాళీ స్థలం వైపుకి లాగడానికి సిద్ధమయ్యారు. లోవలక్ష్మి చేతులకు కట్లతోనే వచ్చి మనుషుల్ని దూరంగా నిలబెడుతోంది.

రాచెల్ వీధిలోకి వచ్చింది. ఆ చప్పుడు దగ్గర్నుంచి వినడం ఆమె వల్ల కాదు. కాలవ మీది కల్వర్టు దగ్గర లోవరాజు నిలబడి ఉన్నాడు. ఛాతీకి కట్టు ఉంది, పైన చొక్కా బొత్తాలు పెట్టుకోలేదు. ఆమెను చూసి తల దించుకున్నాడు.

"ముసలమ్మగారు..." అన్నాడు.

"బాగానే ఉన్నారు. పొద్దున్న ఇడ్లీ తిన్నారు."

"మీ ఆయన నన్ను కొట్టినా పడతానండి."

"కొట్టరు. కోపంగా ఉన్నారు, అంతే. కొన్నాళ్లుంటుంది."

అతను తల ఊపాడు. "ఇంక ఎక్కనమ్మా," అన్నాడు. "దానికి సెప్పలేకపోతన్నాను. ఇద్దరం కలిసి సేసిన పని గదా. పెల్లైన కాణ్నుంచి అదే పని. అది మోకు పడితే నాకు దైర్నం."

"లక్ష్మికి తెలుసు."

"తెలుసంటారా?"

పెరట్లోంచి సింగన్న కేక వినిపించింది. ట్రాక్టరు ఇంజను బిగ్గరగా మూలిగింది.  కర్ర చిట్లడం మొదలైంది, ఆగింది, మళ్లీ మొదలై ఈసారి ఆగలేదు. లోవరాజు రెండు చేతులతో చెవులు మూసుకుని కల్వర్టు మీద కూర్చుండిపోయాడు. కాళ్ల కింద రోడ్డు అదిరింది. కాకులు లేచి అరుస్తూ తిరిగాయి.

రాచెల్ కూడా అతనికి కొంచెం ఎడంగా కూర్చుంది. తన ఒళ్లో తన చేతులు గట్టిగా పట్టుకుంది. పెరట్లో ఎవరో, "అయిపోనాది, అయిపోనాది," అంటున్నారు. లోవరాజు భుజాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. అవి ఆగేవరకూ ఆమె అక్కడే కూర్చుంది.

"ముందు వాకిట్లో రాళ్లు పెట్టి వండుతున్నాను," అంది తర్వాత. "అన్నం అయిపోవచ్చింది. తిని వెళ్లండి ఇద్దరూ."

అతను చొక్కా అంచుతో ముఖం తుడుచుకుని, లోవలక్ష్మి వస్తుందేమోనని సందు వైపు చూశాడు.